మూపురం కొండ నడుస్తుందా?

జాలారిపేట,
విశాఖపట్నం.

పోతమ్మ అన్నయ్య తాతబాబుకి,

దాలయ్య రాస్తున్నాను. అవును, నేనే. పైన మొదట "బావా" అని రాయబోయి, సగంలో చెయ్యి ఆపుకుని కొట్టేశాను. ఆ సిరా మరక చూసి మురిసిపోకు. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. చామంతి తోటలో కూర్చుని గాలి పీల్చేవాడికి ఏం లోటుంటుంది?

జేబులో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరం ఏమిటంటావు. నువ్వు సముద్రాన్ని వదిలేసి ఆనందపురం పోయిన రోజున, ఇక నీతో నోరు విప్పి మాట్లాడనని గంగమ్మ తల్లి ముందు ఒట్టేసుకున్నాను. నేను ఒట్టు తప్పే మనిషిని కానని నీకు తెలుసు. మొన్న నీతో పని పడింది. ఎలాగా అని తల పట్టుకుని కూర్చుంటే నీ చెల్లెలు అంది: "ఒట్టు నోటికి గానీ సేతికి కాదు కదేటయ్యా. రాయి." అందుకని రాస్తున్నాను. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇవి. అప్పుడు నువ్వు నా పక్కనే కూర్చుని నిద్రపోయేవాడివి, కాబట్టి నాకంటే నీకే తక్కువ వచ్చు. వెక్కిరించకుండా చదువు.

పని ఏమిటంటే, నువ్వు సాక్ష్యం చెప్పాలి.

మా నాగబాబు కూతురు ఆశ నీకు గుర్తుందో లేదో, నువ్వు వెళ్ళేటప్పటికి ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు రెండో తరగతి. తండ్రి బోటు మీద పోతాడు, తల్లి ఈశ్వరి రొయ్యల కంపెనీకి పోతుంది, పిల్లగుంట నాతో ఉంటుంది. దానికి మాటలు సరిగా రాకముందు నుంచీ పొద్దున్నే ఒడ్డుకి తీసుకెళ్ళి ఇసకలో కూర్చోబెట్టేవాణ్ణి. కెరటాలు నెమ్మదిగా ఉన్న రోజుల్లో నాగబాబు బోటు ముందు కూర్చోబెట్టుకుని కాస్త దూరం తిప్పేవాణ్ణి. మనం ఎలా మాట్లాడతామో దానితోనూ అలాగే మాట్లాడాను. "అదిగో, మూపురం కొండ నడుసుకుంటా వత్తంది సూడు. కైలాసగిరి ఎనక్కి పోయి దాక్కుంటంది సూడు. ఇప్పుడు మునుగుద్ది సూడు." అది చప్పట్లు కొట్టేది.

ఇక్కడిదాకా రాసి నీ చెల్లెలికి చదివి వినిపిస్తే, "ఏ గుర్తు ఎవరిదో, ఎందుకు సూత్తారో రాయవేటి? ఆడు సముద్రం మరిసిపోయుంటాడు" అంది. ఆశేమో, "ఆ తాతకి అన్నీ తెలుసు కదా మామ్మా, నాకు తెలుసు కదా" అంది. దానికి తెలిసింది లోకమంతటికీ తెలుసని దాని నమ్మకం. సరే, పోతమ్మ మాట ప్రకారం విడమరిచి రాస్తాను. చేపలుండే చోటు నీళ్ళ మీద రాసి ఉండదు. ఒడ్డున దగ్గర కొండ ఒకటి, దాని వెనక దూరం కొండ ఒకటి చూసుకుంటాం. తెప్ప సాగే కొద్దీ దూరం కొండ నడుచుకుంటూ దగ్గర కొండ వెనక్కి వస్తుంది. రెండూ ఒకే వరసలో నిలబడితే అది ఒక గుర్తు. అలాంటి గుర్తులు రెండు ఒకేసారి కుదిరిన చోట వల వెయ్యాలి. తెప్ప వెనక కూర్చుని దక్షిణం గుర్తు నేను చూసేవాణ్ణి. యారాడ కొండ మీది లైట్‌హౌసు, దాని వెనక సింహాచలం కొండ. ముందు కూర్చుని ఉత్తరం గుర్తు నువ్వు చూసేవాడివి. కైలాసగిరి, దాని వెనక ఎద్దు మూపులా లేచిన మూపురం కొండ. నాది కుదరగానే నేను "వచ్చింది" అని అరిచేవాణ్ణి, నీది కుదరగానే నువ్వు. ఇద్దరం ఒక్కసారి అరిచామంటే వల నీళ్ళలో పడేది. ఇదంతా తెలిసిన మనిషివి కాబట్టే నీ సాక్ష్యం కావాలి.

బళ్ళో టీచరు బోర్డు మీద నిలువు గీత గీసి, ఇటు కదిలేవి, అటు కదలనివి రాస్తోందట. పిల్లలు ఒక్కొక్కటే చెబుతున్నారు. బస్సు, కుక్క, ఓడ ఇటు. గోడ, బావి, కొండ అటు. మా గుంట లేచి నిలబడింది. "కొండ నడుత్తాది టీచర్, నాను సూసేను" అంది. క్లాసంతా నవ్వారు. ఒక వెధవ "మీ కొండకి సెప్పులున్నాయేటే?" అన్నాడు. అప్పట్నుంచి దాని పేరు "నడిసే కొండ". దారిలో అదే, నీళ్ళ కుళాయి దగ్గర అదే. అది ఇంటికొచ్చి సంచి మూల పడేసి, "బడికెల్లను" అంది. "తప్పు చెప్పే బడికి నువ్వు వెళ్ళక్కర్లేదు, నేను చెబుతాను నీకు చదువు" అన్నాను. అప్పట్నుంచి పంపలేదు.

ఆ మాట మీద ఇంట్లో పెద్ద గొడవ. ఎప్పుడూ ఎదురు చెప్పని కోడలు, కంపెనీ నుంచి వచ్చి చేతులైనా కడుక్కోకుండా నిలబడి, "నీ కొండ కోసం నా గుంట సదువు తగలెడతావేటి మావయ్యా? నానైతే రొయ్య తలలు తుంచుకుంటా బతికేను. దానికీ అదే రాసిపెట్టేవా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా మనవరాలు కళ్ళతో చూసింది చెప్పి నవ్వులపాలైతే, తల వంచుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళమని నేనెలా చెబుతాను?

మర్నాడు బడికి వెళ్ళాను. టీచరు పేరు భ్రమరాంబ. తణుకు వైపు నుంచి వచ్చిన మనిషి. మొగుడు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడట, ఉక్కునగరం నుంచి రోజూ అంత దూరం వస్తుంది. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. కోపం కొంచెం తగ్గింది గానీ తగ్గనివ్వలేదు.

"అమ్మా, నువ్వెప్పుడైనా బోటెక్కేవా?" అన్నాను.

"లేదండి. నాకు నీళ్ళంటే భయమండి. గోదారి పుష్కరాలకే చెంబుతో పోసుకుని వచ్చేశాను."

"మరి ఎక్కకుండా కొండ నడవదని ఎలా సెప్పేవు?"

ఆవిడ నవ్వలేదు. "పాప తప్పు చెప్పిందని నేను అనలేదండి తాతగారూ. పిల్లలు నవ్వితే ఆపాను. ఇంకా ముందే ఆపాల్సింది. పిల్లలకి ఏదైనా ముందు చేతులకీ ఒంటికీ తెలుస్తుందండి. తరవాత కళ్ళలో బొమ్మలా నిలబడుతుంది. ఆ తరవాతే మాటవుతుంది, అక్షరమవుతుంది. మీ పాపకి మొదటి రెండూ గట్టిగా ఉన్నాయి. ఆ బొమ్మ తన ఒక్క చోటు నుంచే అని ఇంకా తెలీదు, అంతే. ఆ కొండని ఇంకో వైపు నుంచి చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకెలా కనపడుతుందో పాపతో అడిగించండి. జవాబు మనం చెప్పెయ్యకూడదు."

"అడిగిత్తాను. ముప్పయ్యేళ్ళు సముద్రం మీద బతికినోడు, ఇప్పుడు అదే కొండ ఎనకాల ఉన్నాడు. ఆడు సెబితే వింటావా?" అన్నాను. వింటానంది.

అందుకని, తాతబాబూ, మూపురం కొండ నడుస్తుందని నీ చేత్తో నువ్వు రాసి పంపాలి. ఆ కాగితం టీచరు బల్ల మీద పెడతాను. నా మీద నీకు ఎంత కోపమైనా ఉండనీ, సముద్రం విషయంలో అబద్ధం ఆడవని నా నమ్మకం.

నీ చెల్లెలి మొగుడు,
దాలయ్య

*

జాలారిపేట.

ఓరి తాతబాబూ,

నీ జవాబు చేరింది. చేరకపోయినా బాగుండేది.

నా చదువు నీకు తెలుసు. గబగబా కళ్ళతో చదివేసి, ఏది చెప్పాలో ఏది దాచాలో చూసుకునే విద్య నాకు లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి అంటేనే అది ఏం మాటో నాకు తెలుస్తుంది. ఆశని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పోతమ్మని పిలిచి, పండగలా మొదలెట్టాను. "కొం డ న డ వ దు." నోట్లోంచి వచ్చేశాక గానీ నాకు తెలియలేదు. వెనక్కి ఎలా లాక్కోను? ఆ తరవాతవీ చదివాను, మానితే గుంట ఊరుకోదు. "వచ్చిన దగ్గర నుంచీ గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను, అంగుళం కదల్లేదు. అసలు ఇటు నుంచి దానికి మూపురమే లేదు. బోర్లించిన చేపల గంపలా ఉంటుంది" అని రాశావు. నిన్ను ఎవడడిగాడు గంప సంగతి?

ఆశ నా ఒళ్ళోంచి లేచింది. నెమ్మదిగా లేచి నా ఎదురుగా నిలబడి, "అయితే నువ్వు నాకు అబద్దం సెప్పేవా తాతా?" అంది.

ఈ వయసు దాకా నన్ను తుపాను కొట్టింది, పోలీసు కొట్టాడు, ఒకసారి బోటు తిరగబడి పళ్ళు ఊడాయి. ఆ మాట కొట్టినట్టు ఏదీ కొట్టలేదు. లేదు అంటే కొండకి కాళ్ళున్నాయని చెప్పాలి. అవును అంటే అబద్ధాలకోరుని. కొండ రాయీ మట్టీ అని నాకు తెలియదా? తెలుసు. కానీ తెప్ప మీద కూర్చున్నాక మనం కదులుతున్నామని ఎప్పుడైనా అనుకున్నామా? తెప్ప ఉన్నచోటే ఉంటుంది, ఒడ్డు నడుచుకుంటూ వస్తుంది. అలా అనుకుంటేనే కన్ను పనిచేస్తుంది, చెయ్యి పనిచేస్తుంది. ఈ రెండూ నాలో పక్కపక్కనే ఇన్నాళ్ళూ తగువు లేకుండా ఉన్నాయి. ఆ గుంటకి విడదీసి చెప్పమంటే నా దగ్గర మాట లేదు. అది ఏమనుకుందో మరి, వెళ్ళి మామ్మ వెనక పడుకుంది.

ఇప్పుడు బడికీ వెళ్ళదు, నాతో ఒడ్డుకీ రాదు. అన్నం నేను పెడితే తినదు. సాయంత్రం అయ్యేసరికి ఒక్కతే వెళ్ళి పడవల దగ్గర నిలబడుతోంది. ఎందుకే అని పోతమ్మ అడిగితే, "నాన్న కొండని సూసుకుని ఇంటికొత్తాడని తాత సెప్పేడు కదా. అది అబద్దమైతే నాన్న ఎలా వత్తాడు?" అందట. వాడు ఫోనులో చూసుకుని వస్తాడని పోతమ్మ చెప్పింది. అది నమ్మలేదు. వాడి బోటు ఇసక మీదికి వచ్చేదాకా కదలదు. ఇదీ నీ సాక్ష్యం చేసిన పని.

కోపంలో ఉన్నాను కాబట్టి ఇంకొకటి కూడా రాసేస్తాను. నువ్వెళ్ళిపోయినప్పుడు నీకు సముద్రం విసుగెత్తిందన్నావు. కూతురి అత్తవారు నేల చూపించారు, పూలు పెంచుకుంటానన్నావు. నేను నవ్వి, "ఎల్లరా, ఎల్లు, ఆడోళ్ళ తలలో పెట్టుకుందువు గాని" అన్నాను. అందరూ నాకు పొగరనుకున్నారు. ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు వెళ్ళిన మర్నాడు నాగబాబుని ముందు కూర్చోబెట్టుకుని వెళ్ళాను. నా గుర్తు కుదిరింది. లైట్‌హౌసు సింహాచలం కొండ ముందుకి వచ్చి నిలబడింది. "వచ్చింది" అని అరిచాను. ముందు నుంచి అరుపు లేదు. నాగబాబు నా మొహంలోకి చూస్తున్నాడు. కైలాసగిరి భుజం మీద మూపురం ఎక్కడ కూర్చుంటే నువ్వు అరిచేవాడివో నాకు తెలియదు. అప్పటిదాకా నా జీవితంలో ఒక్కసారీ అటు చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, నువ్వున్నావు కదా అనుకున్నాను. నీ సగం నీ కంట్లో పెట్టుకుని నువ్వు పోయావు. నాకు సగం సముద్రం మిగిలింది. సగం గుర్తు మీద వల ఎక్కడ వేస్తాడు మనిషి? ఆ తరవాత కొన్నాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేశాను. మోకాళ్ళకి నొప్పేమీ లేదు.

ఇక చాలు. కిందిది నా మాట కాదు. ఆశ నాతో మాట్లాడకపోయినా, నేను నీకు రాస్తున్నానని తెలిసి వచ్చి, గుమ్మం అవతలే నిలబడి, "ఆ తాతని ఒకటి అడగాల. రాత్తావా, ఇదీ అబద్దం రాత్తావా?" అంది. రాస్తానన్నాను. అది అన్నది అన్నట్టు రాస్తున్నాను: "తాతబాబు తాతా, నువ్వు బోటు మీద ఉన్నప్పుడు నీకు కొండ ఎలా అగుపించేది? నిజం సెప్పు."

దాలయ్య

*

జాలారిపేట.

బావా,

ఈసారి కొట్టెయ్యలేదు, చూశావా.

నీ రెండో ఉత్తరాన్ని వలల కుప్ప వెనక్కి తీసుకెళ్ళి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి చదువుకున్నాను. ఒకసారి ఇల్లు కాలాక బుద్ధి రాకపోతే ఎలా? దాని గురించి చివర్న రాస్తాను. ముందు గుంట సంగతి, ఎందుకంటే అది నీ జవాబు రాకముందే జరిగింది.

పొద్దున్నే నేను వల బాగుచేసుకుంటూ కూర్చున్నాను. ఆశ, మామ్మ చేపల గంప ఎత్తుకుపోయి ఇసకలో బోర్లించింది. నీ ఉత్తరంలో బోర్లించిన గంప ఉంది కదా, అదే అయ్యుంటుంది దాని బుర్రలో తిరిగింది. గంపకి కొంచెం ముందు ఒక కొబ్బరి చిప్ప బోర్లించింది. చిప్పకి సముద్రం వైపు కొంచెం దూరం పోయి బోర్లా పడుకుని, గడ్డం ఇసకలో ఆనించి, పీతలా పక్కకి పాకడం మొదలెట్టింది. ఇటు పాకింది. అటు పాకింది. మధ్యలో ఆగింది. ఏం చేస్తోందో నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ పాకి, "నడుత్తంది" అని తనలో తనే అంది. మూపురం కొండ గంప అయింది, కైలాసగిరి చిప్ప అయింది, ఆ గుంట తెప్ప అయింది.

నాకు నోరు దురద పెట్టింది, చెప్పెయ్యాలని. జవాబు మనం చెప్పకూడదని టీచరు అన్న మాట గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను. బావా, నా బతుకులో అంత కష్టమైన పని చెయ్యలేదు.

అప్పుడు అది మామ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గంప వెనక కూలేసింది. "నువ్వు తాతబాబు తాతవి. కదలకు. ఇప్పుడు నాను పాకుతాను. కొండ నడిసిందా సెప్పు."

"నాకు గంప తప్ప ఏటీ అగుపడ్డం లేదే, నడుం లాగేత్తంది" అంది నీ చెల్లెలు.

"గంప నడిసిందా?"

"గంప నడవడమేటే, పిచ్చి మొకమా. ఉన్నకాడే ఉంది."

ఆశ పాకడం ఆపేసింది. అలాగే ఇసకలో పడుకుని చాలాసేపు గంప వంక చూసింది. కెరటం వచ్చి దాని పాదాలు తడిపినా కదల్లేదు. తరవాత లేచి, ఇన్నాళ్ళకి మొదటిసారి, నా దగ్గరికి వచ్చింది. "తాతా, నువ్వు పడుకో. నాను మామ్మ కాడ కూకుంటాను." చుట్టూ వలలు బాగుచేసుకునే వాళ్ళంతా చూస్తున్నారు. ఈ వయసులో నేను ఒడ్డున బోర్లా పడుకుని పీతలా పాకడం ఏమిటని ఒక్క క్షణం అనుకున్నాను. అనుకుని పడుకున్నాను. "ఓరి దాలయ్యో, ఈతేటి ఇసకలో?" అని ఒకడు అరిచాడు. అరవనీ. పాకాను. గంప చిప్ప వెనక నుంచి నడుచుకుంటూ ఇవతలకి వచ్చింది.

"నడిసిందా?" అని అవతల నుంచి అరిచింది.

"నడిసిందే."

"నాకు నడవలేదు!" అని గంతేసింది. ఎగురుకుంటూ వచ్చి నా వీపు మీద కూర్చుంది. "తాతా, నువ్వు నడిత్తే కొండ నడుత్తాది. నువ్వాగితే ఆగుద్ది. ఆ తాత బోటెక్కడు కదా, అందుకే ఆ తాతకి నడవదు. నువ్వూ అబద్దం సెప్పలేదు, ఆ తాతా అబద్దం సెప్పలేదు."

ఇసకలో మొహం పెట్టుకుని ఉన్నాను కాబట్టి నా మొహం ఎవరికీ కనపడలేదు. మంచిదే అయింది.

ఆ సాయంత్రం కూడా పడవల దగ్గరికి వెళ్ళింది, కానీ నా వేలు పట్టుకుని వెళ్ళింది. నాగబాబు బోటు కనపడగానే, "నాన్నకి ఇప్పుడు కొండ ఇటేపు నడుత్తా ఉంటాది కదా తాతా" అని చేత్తో చూపించింది. తండ్రి కళ్ళలోంచి చూస్తోంది, ఇక్కడ నిలబడి. తిన్నగానే చూపించింది.

మర్నాడు తనే సంచి తగిలించుకుంది. గంప నేను మోశాను, చిప్ప అది పట్టుకుంది. ఈశ్వరి కంపెనీకి ఆలస్యమైనా పరవాలేదని గుమ్మం దాకా వచ్చి దాని జడ రెండోసారి అల్లింది. నన్ను ఏమీ అనలేదు. టిఫిన్ డబ్బాలో నాకూ ఒక అట్టు పెట్టింది.

టీచరుకి ఆశ మాటల్లో చెప్పబోయి తడబడింది. "అది... ఇటు పోతే... అటు..." పిల్లలు మళ్ళీ కిసుక్కున నవ్వబోయారు. భ్రమరాంబ టీచరు, "మాటలొద్దమ్మా, చేసి చూపించు" అంది. క్లాసంతా ఒకరి తరవాత ఒకరు నేల మీద పాకారు. చెప్పులున్నాయా అన్న వెధవ అందరికంటే ఎక్కువసార్లు పాకాడు. ఆఖరికి టీచరు కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని, తలుపు దగ్గరికి వేయమని చెప్పి, మోకాళ్ళ మీద వంగి చూసింది. "అయ్యబాబోయ్, నిజంగానే నడుస్తోందండి" అంది. తరవాత లేచి, బోర్డు మీద మళ్ళీ నిలువు గీత గీసి, సుద్దముక్క ఆశ చేతికి ఇచ్చింది. "కొండ ఏ పక్క రాద్దాం?" ఆశ ఆలోచించి ఆలోచించి, సరిగ్గా గీత మీద రాసింది. సగం అక్షరాలు ఇటు, సగం అటు. టీచరు దాన్ని చెరపలేదు. బడి వదిలేదాకా ఉంచింది. వచ్చేటప్పుడు నాతో, "ఇప్పుడు గంప ఎదురుగా ఉంటేనే తెలుస్తోందండి. గంప లేకుండా తలలోనే తిప్పి చూసుకోవడం ముందు ముందు వస్తుంది. ఆ కొండని అవతల నుంచి ఒకసారి చూపించగలరా?" అంది. చూస్తానన్నాను. ఆనందపురం అనే మాట నా నోటికి రాలేదప్పుడు.

ఇక నీ ఉత్తరం.

ఆ గుంట నిజం చెప్పమన్నందుకు నిజం రాశావు. ఆఖరి రెండేళ్ళూ బోటు మీద నీకు మూపురం కొండ కనపడనే లేదని. కళ్ళకి పొర కమ్మి, కైలాసగిరి మసగ్గా, దాని వెనక ఒట్టి తెల్లదనం. నేను "వచ్చింది" అని అరవగానే నువ్వూ అరిచేవాడివని. హార్బరుకి వచ్చే ఓడ ఒకటి మన మీదికి వస్తుంటే నేను కేక వేసేదాకా నీకు తెలియలేదని, ఆ రోజు నీ వల్ల నేను చచ్చిపోయేవాణ్ణని, అందుకే విసుగెత్తిందని చెప్పి వెళ్ళిపోయావని. కంటి ఆపరేషన్ అయ్యాక కళ్ళజోడు పెట్టుకుని మొదట వెతుక్కున్నది ఆ కొండనే అని. "దూరం నుంచి పోగొట్టుకున్నాను బావా, దగ్గరికొచ్చి చూసుకుంటున్నాను" అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర అక్షరాలు నాకు సరిగా కనపడలేదు. నా కళ్ళకి ఏ పొరా లేదు.

నిన్ను తిట్టాలి. కళ్ళు పోతే తెప్ప మీద వెనక కూర్చున్నవాడికి చెబుతారు గానీ చామంతులకి చెబుతారా? ఒకే కర్రల మీద కూర్చుని, ఒకే నీళ్ళు తాగి, నువ్వు చూస్తున్నది నేను ఎరగను. అయినా ఒకటి గమనించావా? ఆ రెండేళ్ళూ మనకి పడ్డ చేపలు సగం గుర్తు మీదే పడ్డాయన్నమాట. నేనేమో నా గుర్తు గొప్ప, నీ గుర్తు గొప్ప అని పేటంతా చెప్పుకు తిరిగాను. గంగమ్మ తల్లి ఎంత నవ్వుకుందో.

ఇదంతా ఆశకి చదివి వినిపించాను, ఒక్క ముక్క దాచకుండా. విని, "అయితే ఆ తాతకి కొండ నడవలేదు, ఆగలేదు, అసలు లేనే లేదు" అంది. మళ్ళీ తనే, "పాపం, సెప్పలేదేటి?" అంది. ఆ మాటకి నువ్వే వచ్చి జవాబు చెప్పుకో.

కాదు, నువ్వు రానక్కర్లేదు. మేమే వస్తున్నాం. ఆదివారం పొద్దున్నే మద్దిలపాలెంలో బస్సెక్కుతాం, నేనూ ఆశా నీ చెల్లెలూ. ఎండు నెత్తళ్ళు తెస్తోంది. నీ చామంతుల మధ్య ఆ వాసన నీకు ఎలా ఉంటుందో చూడాలని దాని కోరిక. కొండ వెనక వైపు గుంటకి చూపించాలి. ఆ తరవాత నువ్వు మాతో వెనక్కి రావాలి. కళ్ళజోడు పెట్టుకుని రా. నాగబాబు బోటు మీద ముందు నువ్వు, వెనక నేను, మధ్యలో ఆశ. మూపురం కైలాసగిరి భుజం మీద ఎక్కడ కూర్చుంటే అరవాలో ఆ గుంటకి చూపించు. రెండు సగాలూ ఒక బుర్రలో ఉండాలి. చేపల కోసం కాదు. అది బోటు ఎక్కినా ఎక్కకపోయినా సరే, ఉండాలి.

ఒట్టు సంగతి ఏం చేశావంటావు. దానికీ నీ చెల్లెలే దారి చెప్పింది. గంగమ్మ ముందు వేసిన ఒట్టు సముద్రం కనపడినంత మేరే చెల్లుతుందట. కొండ దాటి ఆనందపురంలో దిగితే సముద్రం కనపడదు కాబట్టి నోరు విప్పొచ్చట. మరి బోటు మీదికి వచ్చాక ఎలాగని అడిగాను. "అక్కడ మీరెప్పుడు మాటాడుకున్నారు, అరుసుకోడమే కదా" అంది.

ఉత్తరం మడతపెడుతుంటే ఆశ నా మోచెయ్యి లాగింది. "తాతా, బస్సు ఏ పక్కనుంచి వత్తాదో రాయలేదు. ఆ తాత ఎటు సూడాల? నీకు తెలుసు గానీ ఆ తాతకి తెలీదు కదా." నిజమే. రాస్తున్నాను. విశాఖపట్నం వైపు నుంచి వస్తాం. నీ వీపు కొండకి కాకుండా, మొహం కొండకి పెట్టి నిలబడు.

నీ బావ,
దాలయ్య

కింద బొమ్మ ఆశ వేసింది. అక్షరాలు కూడా దానివే, నేను చెయ్యి పట్టలేదు.

తాతబాబు తాతా, ఇది నీ వైపు కొండ. నేను ఇంకా చూడలేదు. నీకు ఎలా కనపడుతుందో అనుకుని వేశాను. తప్పయితే నవ్వకు.
ఆశ